సగటు 2.7 గోల్స్ అయినప్పుడు ‘2.5 కంటే ఎక్కువ’ కాంట్రాక్టు 51 సెంట్ల దగ్గరే ఎందుకు ఆగుతుంది?

గోల్‌పోస్టు పక్కన:

కొన్ని వారాలుగా నేను ప్రిడిక్షన్ మార్కెట్లలో, అంటే జరగబోయే ఫలితాలపై కాంట్రాక్టులు కొని అమ్మే చోట్ల, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మొత్తం గోల్స్‌పై నడిచే కాంట్రాక్టుల ధరలను, డబ్బు పెట్టకుండా, కేవలం నోట్‌బుక్‌లో రాసుకుంటూ గమనిస్తున్నాను. కాంట్రాక్టు స్వరూపం వరకు నాకు అర్థమైంది. రెండు జట్లూ కలిసి మూడు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ చేస్తే ‘2.5 కంటే ఎక్కువ’ కాంట్రాక్టులో ‘అవును’ కొన్నవారికి 100 సెంట్లు వస్తాయి, లేకపోతే ఏమీ రాదు. ‘కాదు’ కొన్నవారి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. సగం గోల్ అనేది ఉండదు కాబట్టి ఫలితం ఎటూ తేలకుండా మిగిలే ప్రమాదం కూడా లేదు. ధర 51 సెంట్లు ఉంటే, ఆ ఫలితానికి మార్కెట్ దాదాపు 51 శాతం అవకాశం ఇస్తున్నట్లు చదువుకోవాలని కూడా తెలుసుకున్నాను.

నా చిక్కు దాని తరువాత మొదలవుతుంది. నేను గమనించిన ఒక మ్యాచ్‌లో, రెండు జట్ల ఇటీవలి ఆటలను బట్టి నేను వేసుకున్న అంచనా మొత్తం 2.7 గోల్స్. ఇది 2.5 కంటే స్పష్టంగా ఎక్కువ కాబట్టి ధర కనీసం 60 దగ్గర ఉంటుందని అనుకున్నాను, కానీ ఆట మొదలయ్యే వరకు అది 51 దగ్గరే కదలకుండా కూర్చుంది. మార్కెట్ నా అంచనాను ఒప్పుకోవడం లేదా, లేక నేను ధరను తప్పుగా చదువుతున్నానా?

అదే మ్యాచ్‌లో విరామ సమయానికి స్కోరు 0-0. అప్పటికి ధర 19 సెంట్లకు దిగిపోయింది. ప్రథమార్ధంలో రెండు జట్లూ బాగానే దాడి చేశాయి, ఇంకా సగం ఆట మిగిలే ఉంది. అయినా ధర సగానికి కూడా ఆగకుండా మూడింట ఒక వంతు దాకా జారడం భయపడి అమ్మేసినవారి పనేనా? చివరిగా, అదే మ్యాచ్‌కు 0.5, 1.5, 3.5, 4.5, 5.5 గీతలపై (2.5 లాంటి హద్దులపై) కూడా విడివిడి కాంట్రాక్టులు ఉన్నాయి. ఇన్ని ధరలను ఎవరు నిర్ణయిస్తున్నారు, వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే కట్టుబాటు ఏదైనా ఉందా అనేది కూడా తెలిసినవారు వివరించగలరు.

లెక్కల కొమ్మ:

మీ అంచనాకూ మార్కెట్ ధరకూ మధ్య తగాదా ఏమీ లేదండీ. మీ 2.7 అక్షరాలా సరైనదే అనుకున్నా, ధర 51 దగ్గరే ఉండాలి. తిరకాసు ఎక్కడంటే, 2.7 అనేది సగటు, కాంట్రాక్టు అడుగుతున్నది సగటును కాదు. మూడు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ పడే సంభావ్యతను. గోల్స్ సంఖ్య సున్నా కంటే కిందకు దిగలేదు, పైకి మాత్రం అయిదు, ఆరు, అరుదుగా ఎనిమిది దాకా పోగలదు. 2014 ప్రపంచకప్ సెమీఫైనల్లో బ్రెజిల్‌ను జర్మనీ 7-1తో ఓడించినప్పుడు ఆ ఒక్క మ్యాచ్‌లోనే ఎనిమిది గోల్స్ పడ్డాయి. అటువంటి మ్యాచ్‌లు సగటును పైకి లాగుతాయి, కానీ మన కాంట్రాక్టు దృష్టిలో ఎనిమిది గోల్స్ మ్యాచ్‌కూ మూడు గోల్స్ మ్యాచ్‌కూ తేడా లేదు. రెండింటికీ వచ్చేది 100 సెంట్లే.

దీనిని చేత్తో లెక్క కట్టవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, దాదాపు నిలకడైన వేగంతో, అరుదుగా జరిగే సంఘటనల సంఖ్యకు పాయిజాన్ విభాజనం (ఎన్నిసార్లు జరగడానికి ఎంత సంభావ్యతో చెప్పే సూత్రం) బాగా సరిపోతుందని గణాంకశాస్త్రం చదివినవారికి తెలిసినదే. ఫుట్‌బాల్ గోల్స్‌కు దీనిని పద్ధతిగా వర్తింపజేసిన వ్యాసాల్లో 1982లో మాహెర్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు రాసినది ప్రసిద్ధమైనది. ఆయన ప్రతి జట్టుకూ ఒక దాడి బలాన్నీ ఒక రక్షణ బలాన్నీ ఇచ్చి, ఒక జట్టు దాడి బలాన్ని ప్రత్యర్థి రక్షణ బలంతో గుణించి ఆ జట్టు చేయగల గోల్స్ సగటును రాబట్టారు. రెండు జట్ల గోల్స్ పరస్పరం స్వతంత్రమైన పాయిజాన్ సంఖ్యలైతే వాటి మొత్తం కూడా పాయిజాన్ సంఖ్యే అవుతుంది కాబట్టి, ఒక జట్టు సగటు 1.5, రెండవ జట్టు సగటు 1.2 అయితే మొత్తానికి 2.7 అనే ఒక్క అంకె చాలు.

ఇక లెక్క ఇలా నడుస్తుంది. గణితంలో e అని పిలిచే 2.718ను మైనస్ 2.7 ఘాతానికి హెచ్చిస్తే ఒక్క గోల్ కూడా పడని సంభావ్యత వస్తుంది, అది 6.72 శాతం. దానిని 2.7తో గుణిస్తే సరిగ్గా ఒక గోల్ పడే సంభావ్యత, 18.15 శాతం. దానిని మళ్లీ 2.7తో గుణించి 2తో భాగిస్తే రెండు గోల్స్, 24.50 శాతం. ఆపై ప్రతి మెట్టులోనూ 2.7తో గుణించి 3తో, 4తో, 5తో భాగిస్తూ పోవడమే. సున్నా, ఒకటి, రెండు గోల్స్ సంభావ్యతలను కలిపితే దాదాపు 49.4 శాతం, మిగిలినది 50.6. మీరు చూసిన 51 సెంట్లు అదే. 2.5 గీతపై ధర సరిగ్గా 50 కావాలంటే సగటు 2.5 కాదు, దాదాపు 2.67 ఉండాలి. సగటు నిజంగా 2.5 అయితే ధర 45.6కు దిగుతుంది. మీరు ఆశించిన 60 సెంట్లు రావాలంటే సగటు 3.1 దాటాలి.

ఇందులోనే ఉపయోగపడే ఒక చిన్న సూత్రం ఉంది. సగటు కొద్దిగా మారినప్పుడు 2.5 గీత ధర ఎంత మారుతుందో, సరిగ్గా రెండు గోల్స్ పడే సంభావ్యతే చెబుతుంది. అంటే 2.7 పరిసరాల్లో సగటు 0.1 గోల్ పెరిగితే ధర సుమారు రెండున్నర సెంట్లు పెరుగుతుంది. ప్రధాన స్ట్రైకర్ ఆడటం లేదని తెలిసినప్పుడు ధర మూడు నాలుగు సెంట్లు కదిలితే, ఆ ఒక్కరి విలువను మార్కెట్ 0.15 గోల్ దగ్గర కట్టిందని వెనక్కు లెక్కవేసుకోవచ్చు. నాకు ధరను నేరుగా చూడటం కంటే ఇలా గోల్స్‌లోకి మార్చి చూడటమే ఎక్కువ అర్థవంతంగా తోస్తుంది.

సగటు పోటీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 2022 ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌ల్లో 172 గోల్స్ పడ్డాయి, అంటే మ్యాచ్‌కు 2.69. 1990లో 52 మ్యాచ్‌ల్లో 115 మాత్రమే, అంటే 2.21, 1954లో అయితే 26 మ్యాచ్‌ల్లో 140, అంటే 5.38. ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో 2022-23లో 380 మ్యాచ్‌లకు 1084 గోల్స్ పడగా, మరుసటి సీజన్‌లో అవే 380 మ్యాచ్‌లకు 1246 పడ్డాయి. అంటే ఒక్క ఏడాదిలో సగటు 2.85 నుంచి 3.28కి చేరింది. పాత సీజన్ లెక్కలను పట్టుకుని కూర్చున్నవారికి 2.5 గీత ఆ ఏడాది పొడవునా తొమ్మిది సెంట్ల దాకా ఖరీదుగా కనిపించి ఉంటుంది.

విరామ సమయం సంగతికి వస్తే, 19 సెంట్లు భయం వల్ల వచ్చిన ధర కాదు. సాధారణంగా ద్వితీయార్ధంలో గోల్స్ కాస్త ఎక్కువగా, మొత్తంలో సుమారు 55 శాతం పడతాయి. కాబట్టి 2.7లో మిగిలినది దాదాపు 1.485 గోల్స్. స్కోరు 0-0 కనుక ఆ మిగిలిన సగటుతోనే మూడు గోల్స్ పడాలి. పైన చెప్పిన లెక్కే మళ్లీ వేస్తే 18.7 శాతం వస్తుంది. ప్రథమార్ధంలో ఒక్క గోల్ పడి ఉంటే ధర 44 దగ్గర, రెండు పడి ఉంటే 77 దగ్గర ఉండేది. సగం కాలం మిగిలితే సగం ధర మిగలాలన్న ఊహ ఒక్క గోల్ కావలసినచోట కూడా పూర్తిగా నిలవదు, మూడు గోల్స్ కావలసినచోట అసలే నిలవదు. ‘బాగానే దాడి చేశారు’ అన్న మీ పరిశీలనకూ విలువ ఉంది కానీ అది మీరు అనుకున్నంత కాదు. ఆ దాడులను చూసి మొత్తం ఆట సగటును 2.9కి పెంచినా విరామ ధర 21 లేదా 22 అవుతుంది తప్ప 30 కాదు.

గోల్ పడకుండా గడిచిన ప్రతి నిమిషమూ ధరను కొద్దికొద్దిగా కోస్తూ ఉంటుంది. ఆట మొదట్లో ఒక గోల్ పడితే ధర 50.6 నుంచి దాదాపు 75కు, అంటే సుమారు 24.5 సెంట్లు ఎగురుతుంది. నిమిషానికి గోల్ పడే అవకాశం సుమారు 3 శాతం అనుకుంటే, ఆ రెండింటి గుణకారం 0.7 సెంట్లు. గోల్ పడని నిమిషంలో ధర తగ్గవలసినది కూడా సరిగ్గా అంతే. ఎగిరే ఆశకూ జారే నష్టానికీ లెక్క సరిపోవడం వల్ల, సరైన ధరకు కొన్నవారికి కేవలం కాలం గడవడం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. తెరపై మాత్రం ధర ఎప్పుడూ పడుతున్నట్లే కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువ నిమిషాల్లో గోల్ పడదు.

ఆర్డర్ బుక్ కాపలాదారు:

పై లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ‘ఎవరు నిర్ణయిస్తున్నారు’ అన్న మూడవ ప్రశ్న మిగిలిపోయింది. బుక్‌మేకర్ దగ్గర ధరను ఒక సంస్థ నిర్ణయిస్తుంది, తన లాభాన్ని అందులోనే కలుపుకుంటుంది. రెండు వైపులా, నెగ్గినవారికి రూపాయికి 1.91 చొప్పున తిరిగి ఇస్తే, ఒక్కోటి 52.4 శాతం సంభావ్యతకు సమానం. రెండూ కలిపితే 104.7. నూటికి పైన ఉన్న ఆ 4.7 భాగమే అతని మార్జిన్. ప్రిడిక్షన్ మార్కెట్‌లో సాధారణంగా ధరను నిర్ణయించేది ఆర్డర్ బుక్, అంటే కొనేవారూ అమ్మేవారూ పెట్టిన ధరల జాబితా. ‘అవును’ను 51కి కొనడానికి ఒకరు, ‘కాదు’ను 49కి కొనడానికి మరొకరు సిద్ధపడితే ఇద్దరి డబ్బు కలిసి 100 సెంట్లు అవుతుంది, ఆ 100ను పక్కన పెట్టి, మార్కెట్ వారికి ఒక కొత్త జంట కాంట్రాక్టును పుట్టిస్తుంది. మ్యాచ్ ముగిసిన తరువాత ఆ 100 ఇద్దరిలో ఒకరికి చేరుతుంది. నిర్వాహకులు తీసుకునేది రుసుము మాత్రమే, వారికి గోల్స్ గురించి అభిప్రాయం ఉండనవసరం లేదు.

అభిప్రాయం ఉండవలసినది మార్కెట్ మేకర్లకు. వీరు ఒకే సమయంలో కొనే ధరనూ అమ్మే ధరనూ పెడతారు. ఉదాహరణకు 50కి కొంటామని, 52కి అమ్ముతామని. మీరు తెరపై చూసిన 51 చాలా సందర్భాల్లో ఈ రెండింటి నడుమ బిందువో, చివరిగా జరిగిన లావాదేవీయో అయి ఉంటుంది, మీరు నిజంగా కొనగలిగే ధర కాదు. నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు రెండు ధరలనూ రాసుకోండి. వీరు ప్రతి గీతకూ విడిగా బుర్ర బద్దలు కొట్టుకోరు. మొత్తం గోల్స్‌కు ఒక సగటును ఊహించి, దాని నుంచి అన్ని గీతల ధరలనూ ఒకేసారి దించుతారు, బయటి బుక్‌మేకర్ల ధరలు కదిలితే తమ సగటును కూడా కదిలిస్తారు. గోల్ పడే సూచన కనిపించగానే ఆర్డర్లన్నీ ఒక్కసారిగా మాయమవడం మీరు గమనించే ఉంటారు. టీవీ ప్రసారం కంటే ముందుగా సమాచారం అందినవారి చేతిలో నష్టపోకుండా వారు తీసుకునే జాగ్రత్త అది. వీడియో సమీక్ష నడుస్తున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

ఇక గీతల మధ్య కట్టుబాటు. 1.5 గీత ధర 2.5 గీత ధర కంటే తక్కువ ఉండకూడదన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసే విషయం, కానీ దానిని ఆచరణలో కాపాడేది ఎవరంటే, తేడా కనిపించగానే రెండింటినీ కలిపి కొనే మనుషులు, వారు నడిపే ప్రోగ్రాములు. 1.5 గీతపై ‘అవును’, 2.5 గీతపై ‘కాదు’ కలిపి కొన్నామనుకోండి. ఎన్ని గోల్స్ పడినా వాటిలో కనీసం ఒకటి నెగ్గుతుంది, సరిగ్గా రెండు గోల్స్ పడితే రెండూ నెగ్గుతాయి. కాబట్టి ఈ జంట ఖరీదు 100 కంటే తక్కువైతే అది ఊరికే వచ్చే డబ్బు. 1.5 ధర 75, 2.5 గీతపై ‘కాదు’ 49 అయితే జంట ఖరీదు 124. అందులో 100 ఎలాగూ తిరిగి వస్తుంది, అంటే మీరు నిజానికి 24 సెంట్లకు ‘సరిగ్గా రెండు గోల్స్’ అనే పందెం కొన్నారన్నమాట. పై వ్యాఖ్యలో వచ్చిన 24.5 శాతంతో పోల్చి చూడండి. పక్కపక్కన ఉన్న ఏ రెండు గీతల తేడా తీసుకున్నా ఒక నిర్దిష్ట గోల్స్ సంఖ్య సంభావ్యత బయటపడుతుంది.

ఇంతకంటే నాకు నచ్చే సంగతి మరొకటి ఉంది. అన్ని గీతల ధరలనూ, 0.5 నుంచి పైదాకా, కలిపి 100తో భాగిస్తే వచ్చేది మార్కెట్ ఊహిస్తున్న సగటు గోల్స్ సంఖ్య. మూడు గోల్స్ పడిన మ్యాచ్‌లో 0.5, 1.5, 2.5 గీతలు మూడూ నెగ్గుతాయి, అంటే ఒక్కో గోల్‌కు ఒక్కో కాంట్రాక్టు. అందుకే అన్నిటి మొత్తం సగటు అవుతుంది. ఇందుకు పాయిజాన్ కూడా అక్కరలేదు, ఏ విభాజనమైనా ఇది నిజమే. ఒక్క 2.5 గీతను చూసి సగటును ఊహించడం కంటే మొత్తం నిచ్చెనను కలపడం నమ్మకమైన పద్ధతి.

గోల్‌పోస్టు పక్కన:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా నోట్‌బుక్‌లో ఆ మ్యాచ్ నిచ్చెన పూర్తిగా ఉంది కాబట్టి వెంటనే కలిపి చూశాను. ఆట మొదలయ్యే ముందు 0.5 గీత నుంచి వరుసగా 92, 76, 51, 29, 15, 7. మొత్తం 270. అంతకు పై గీతలకు కాంట్రాక్టులు లేవు, వాటికి పాయిజాన్ లెక్క ప్రకారం ఒక మూడు సెంట్లు కలిపితే 273, అంటే 2.73 గోల్స్. నా అంచనాకు ఇంత దగ్గరగా ఉంటుందని అనుకోలేదు.

అయితే 2.7తో పాయిజాన్ లెక్క వేసి పక్కన పెట్టి చూస్తే చిన్న తేడాలు కనిపిస్తున్నాయి. లెక్క ప్రకారం 0.5 గీత 93.3 ఉండాలి, మార్కెట్ 92 అంటోంది. 1.5 గీత 75.1 ఉండాలి, మార్కెట్ 76 అంటోంది. ఒకటి తక్కువ, దాని పక్కది ఎక్కువ. 4.5 గీత 13.7 ఉండాలి, 15 ఉంది. ఇవి కొనే ధర, అమ్మే ధర మధ్య తేడాలో కొట్టుకుపోయే చిల్లరేనా, లేక వీటికి కారణం ఉందా?

మూలసవరణ:

మొదటి రెండింటికీ చక్కని కారణం ఉంది. 1997లో డిక్సన్, కోల్స్ అనే ఇద్దరు గణాంకశాస్త్రజ్ఞులు, స్వతంత్ర పాయిజాన్ నమూనా తక్కువ స్కోర్ల దగ్గర నిజమైన ఫలితాలతో సరిగా కలవడం లేదని గుర్తించి, నాలుగు స్కోర్లకు మాత్రమే ఒక సవరణ చేశారు. వారి సవరణ సాధారణంగా 0-0, 1-1 స్కోర్ల సంభావ్యతను పెంచుతుంది, 1-0, 0-1 స్కోర్లను తగ్గిస్తుంది. తక్కిన స్కోర్లను ముట్టుకోదు.

ఇది మొత్తం గోల్స్ ధరలకు ఎలా చేరుతుందో చూడటం సరదాగా ఉంటుంది. జట్ల సగటులు 1.5, 1.2 అనీ, సవరణ ఎంత ఉండాలో చెప్పే అంకె, అంటే పరామితి, మైనస్ 0.1 అనీ తీసుకుంటే, పై నాలుగు స్కోర్లలో ప్రతి ఒక్కటీ సమానంగా 1.21 శాతం చొప్పున కదులుతుంది: రెండు పైకి, రెండు కిందకు. 0-0 పెరిగినందువల్ల 0.5 గీత 93.3 నుంచి 92.1కి దిగుతుంది. సున్నా గోల్స్ 1.21 పెరిగి, ఒక గోల్ 2.42 తగ్గడంతో 1.5 గీత 75.1 నుంచి 76.3కి ఎక్కుతుంది. ఇక 2.5 గీత దగ్గర, 1-1 పెరుగుదల కూడా లెక్కలోకి రాగానే అన్నీ పరస్పరం రద్దయి, ధర 50.6 దగ్గర ఒక్క చుక్క కూడా కదలదు. మీ 92, 76, 51 వరుస దీనితో దాదాపు అక్షరాలా సరిపోతోంది.

ఈ రద్దు కాకతాళీయం కాదు. జట్ల సగటులు ఏవైనా, పరామితి ఏదైనా, ఆ నాలుగు కదలికల మొత్తం సున్నాయే అవుతుంది, ఆ నాలుగు స్కోర్లూ 2.5 గీతకు కిందనే ఉన్నాయి. ఫుట్‌బాల్ నమూనాలు రాసేవారిలో కొందరు ఈ సవరణ చేర్చగానే తమ 2.5 ధరలు మెరుగుపడ్డాయని చెబుతుంటారు. సగటులను మళ్లీ అంచనా వేయడం వల్ల ఏదైనా మారి ఉండవచ్చు తప్ప, సవరణ తనంతట తానుగా ఆ గీతను తాకదు. దాని ప్రభావం కనిపించేది 0.5, 1.5 గీతల్లోనూ, డ్రా ధరలోనూ.

4.5 గీత విషయంలో నేను అంత ధీమాగా ఉండను. పైన ఉన్న గీతలు ఖరీదు కావడానికి పాఠ్యపుస్తక కారణం ఒకటి ఉంది: మార్కెట్‌కు సగటు కూడా కచ్చితంగా తెలియదు. సగటు 2.2 కావడానికి సగం అవకాశం, 3.2 కావడానికి సగం అవకాశం అనుకుంటే సగటుల సగటు 2.7 గానే ఉంటుంది, కానీ 4.5 గీత ధర 13.7 నుంచి 14.6కి ఎక్కుతుంది, 2.5 గీత 49.9కి దిగుతుంది. అనిశ్చితి కొసలను లావు చేస్తుంది. ఇది మీ 15కు దగ్గరగా ఉందని సంతోషించేలోపు 1.5 గీతను కూడా చూడాలి; అంత పెద్ద అనిశ్చితి ఆ గీతను 73.7కు దించుతుంది, తక్కువ స్కోర్ల సవరణ కలిపినా 75 దాటదు, మీ నిచ్చెనలో మాత్రం 76 ఉంది. కాబట్టి అనిశ్చితి ఇంతకంటే తక్కువే అయి ఉండాలి, 15లో కొంత భాగం కేవలం వర్తకం పలచగా ఉన్నచోట కనిపించే గరుకుతనం అయి ఉండాలి. అక్కడ కొనే ధర 13, అమ్మే ధర 16 ఉండి ఉంటే, ఒక సెంటు తేడాపై సిద్ధాంతం కట్టడం దండగ. పైగా పెద్ద మొత్తం తెచ్చిపెట్టే చవక కాంట్రాక్టులను కొనడానికి జనం కాస్త ఎక్కువ ఇవ్వడం పందేల మార్కెట్లలో చాలాకాలంగా గమనించిన సంగతే.

విరామ సమయం లెక్కకు ఒక చిన్న చేర్పు. మిగిలిన సగటు గడియారాన్ని మాత్రమే కాదు, స్కోరును కూడా బట్టి ఉంటుందని 1998లో డిక్సన్, రాబిన్సన్ చూపించారు. 0-0 దగ్గర ఇద్దరూ జాగ్రత్తపడవచ్చు, వెనకబడిన జట్టు రక్షణ వదిలి ముందుకు రావచ్చు, రెడ్ కార్డు వస్తే ఒక జట్టు సగటు తగ్గి రెండవ జట్టుది పెరుగుతుంది. అందువల్ల 1-0 దగ్గర ‘లెక్కల కొమ్మ’ గారు చెప్పిన 44ను కచ్చితమైన అంకెగా కాక, మొదలుపెట్టే చోటుగా తీసుకోవాలి.

చివరి విజిల్:

లెక్కలన్నీ బాగున్నాయి, కానీ అందరూ ఒక విషయాన్ని దాటిపోయారు. ఏ గోల్స్ లెక్కలోకి వస్తాయి? మామూలుగా ఇటువంటి కాంట్రాక్టులు 90 నిమిషాలు, దానికి రెఫరీ కలిపిన ఇంజురీ టైమ్ వరకే పరిష్కారమవుతాయి. నాకౌట్ మ్యాచ్‌ల ఎక్స్‌ట్రా టైమ్ గోల్స్‌ను కలుపుకునే కాంట్రాక్టు అయితే ఆ మాట నిబంధనల్లో ఉంటుంది. పెనాల్టీ షూటౌట్‌లో పడినవి స్కోరులోనే చేరవు. సెల్ఫ్ గోల్ మాత్రం ఎవరి ఖాతాలో పడినా మొత్తంలో చేరుతుంది.

2022 ప్రపంచకప్ ఫైనల్‌ను తీసుకోండి. అర్జెంటీనా, ఫ్రాన్స్ 90 నిమిషాలకు 2-2, ఎక్స్‌ట్రా టైమ్ తరువాత 3-3. రికార్డుల్లో ఆరు గోల్స్ మ్యాచ్‌గా కనిపించే ఆ ఆట, 90 నిమిషాల నిబంధన ప్రకారం నాలుగు గోల్స్ మ్యాచ్, 4.5 గీతపై ‘అవును’ కొన్నవారికి ఏమీ రాదు. 2010, 2014 ఫైనల్స్ రెండూ 1-0తో ముగిసినట్లు పుస్తకాల్లో ఉంటుంది, కానీ రెండింటిలోనూ ఆ ఒక్క గోల్ ఎక్స్‌ట్రా టైమ్‌లోనే పడింది. అంటే 0.5 గీతపై, 93 సెంట్లకు దొరికే అంత ‘భద్రమైన’ కాంట్రాక్టుపై కూడా, వరుసగా రెండు ఫైనల్స్‌లో ‘కాదు’ నెగ్గి ఉండేది.

ఈ కారణంగానే పైన ఇచ్చిన 172 గోల్స్ లెక్కకు కూడా ఒక దిద్దుబాటు అవసరం. 2022లో ఎక్స్‌ట్రా టైమ్‌లో నాలుగు గోల్స్ పడ్డాయి: ఫైనల్లో రెండు, క్రొయేషియా, బ్రెజిల్ క్వార్టర్‌ఫైనల్లో రెండు. వాటిని తీసేస్తే 168, మ్యాచ్‌కు 2.69 కాదు, 2.63. సగటు 0.06 తేడా చిన్నదే అనిపించవచ్చు, కానీ ‘లెక్కల కొమ్మ’ గారి సూత్రం ప్రకారమే 2.5 గీతపై అది ఒకటిన్నర సెంట్లు; మార్కెట్ మేకర్ కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉంచుకునే తేడాలో అది చాలా భాగం.

లెక్కల కొమ్మ:

నిజమే, 172ను యథాతథంగా వాడటం నా పొరపాటు. 1990, 1954 సంఖ్యలను కూడా ఆ దృష్టితోనే చూడాలి, వాటిలోనూ ఎక్స్‌ట్రా టైమ్ గోల్స్ కలిసి ఉన్నాయి. లీగ్ మ్యాచ్‌ల్లో ఎక్స్‌ట్రా టైమ్ ఉండదు కాబట్టి ప్రీమియర్ లీగ్ సంఖ్యలకు ఈ దిద్దుబాటు వర్తించదు.

గోల్‌పోస్టు పక్కన:

నా నోట్‌బుక్‌లో ‘మార్కెట్ పొరబడింది’ అని ఎర్ర సిరాతో రాసుకున్నవి ఏడు మ్యాచ్‌లు ఉన్నాయి. ఇప్పుడు నిబంధనలు తీసి ఒక్కొక్కటీ సరిచూశాను. అందులో రెండు నాకౌట్ మ్యాచ్‌లు. మూడవ గోల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో పడింది, ‘కాదు’ కొన్నవారికే డబ్బు వెళ్లింది, నేను మాత్రం తుది స్కోరు చూసి మార్కెట్‌ను తప్పుపట్టాను. మరో మూడింటిలో, సగటు 2.5 దాటితే ధర 50 దాటాలన్న నా పాత అపోహ తప్ప ఇంకేమీ లేదు. ఆ అయిదింటినీ కొట్టివేశాను. మిగిలిన రెండింటికి నేను కొనే ధర, అమ్మే ధర రాసుకోలేదు కనుక ఏమీ తేల్చలేను. వచ్చే వారం నుంచి ప్రతి మ్యాచ్‌కూ ఆరు గీతలు, రెండేసి ధరలు, పక్కన పరిష్కార నిబంధన రాసుకుంటాను.